మా వాణ్ణి డీర్ క్యాంపుకి పిలిచారు, ఏం తెలుసుకుని వెళ్లాలి?

గుంటూరు_మేడిసన్ · అక్టోబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి పద్నాలుగేళ్లు, విస్కాన్సిన్‌లో ఏడేళ్లు. మా వాడికి పన్నెండు నిండాయి. వాడి క్లాసులో బాగా దగ్గరైన ఒక పాప ఉంది. వాళ్ల తాతగారికి విరోక్వా దగ్గర కొండల్లో పొలం, దాన్ని ఆనుకుని ఓక్ చెట్ల అడవి ఉన్నాయి. ఏటా థాంక్స్‌గివింగ్ ముందు శనివారం గన్ డీర్ సీజన్, అంటే తుపాకీతో జింకల వేట, మొదలవుతుంది కదా, తొమ్మిది రోజులు. అప్పటికి కొడుకులు, కూతుళ్లు, మనవలు, పాత స్నేహితులు అందరూ అక్కడ చేరతారట. మన సంక్రాంతికి ఊరు వెళ్లినట్టు. ఈసారి మమ్మల్నీ రమ్మన్నారు.

మా ఇంట్లో వేట అన్నమాటే లేదు. మా నాన్న పొలంలో ఎలుకల బుట్టలు పెట్టడం తప్ప ఏమీ చూడలేదు నేను. వాడేమో రోజూ అడుగుతున్నాడు. మా ఆవిడకి తుపాకీ దగ్గరకి పిల్లాణ్ణి పంపడం ఇష్టం లేదు, ఆ భయం నాకూ ఉంది. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే మొదటినుంచి చెప్పండి. ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి, పిల్లలకి ఏం చెప్పాలి. నేనింకా హెచ్-1బీ మీదే ఉన్నాను, అదీ ఒక ప్రశ్న.

కరీంనగర్_చిన్నోడు · అక్టోబర్ 12, రాత్రి 10:25

అన్నా, పో. పిల్లగాన్ని తీస్కపో. నేను గ్రీన్ బేల ఉంట, నా ఆఫీసు దోస్తు వాళ్లింట్లకు పదకొండేండ్ల సంది పోతున్న.

ఫస్టు మీరిద్దరు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు చెయ్యుర్రి. విస్కాన్సిన్‌ల 1973 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టినోళ్లకు అది లేకుంటే మామూలు లైసెన్సు ఇయ్యరు. పెద్దమనిషి పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంల ఉండి చేయించే మెంటర్డ్ వేట వేరే ఉంది గని, నువ్వు క్లాసే చెయ్యి. వాళ్లు నాలుగు ముచ్చట్లు నేర్పుతరు, టాబ్-కె అంటరు. ప్రతి తుపాకీ నిండి ఉన్నట్టే చూడు. మూతి ఎప్పుడు ఎవ్వరి దిక్కు పెట్టకు. కొట్టే దాన్నే గాదు, దాని ముందు దాని ఎనక ఏమున్నదో గూడ చూడు. కొట్టే దాంక వేలు ట్రిగ్గర్ గార్డు బయటనే. నీ కొడుకుతోని ఈ నాలుగు పాఠం లెక్క అప్పజెప్పించు. మా దోస్తు వాళ్ల నాయిన ఇప్పటికీ పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు అందర్ని అడుగుతడు, డెబ్బై ఏండ్ల మనిషిని గూడ ఇడ్వడు.

బట్టలు: నడుము మీదికెల్లి పై బట్టల్ల సగమన్న బ్లేజ్ ఆరెంజ్, అంటే మండే నారింజ రంగు, ఉండాలె, టోపీ పెట్టుకుంటే అది గూడ. 2016 సంది మెరిసే గులాబీ రంగు గూడ నడుస్తది. జింకకు నారింజ రంగు మన లెక్క మండినట్టు కనవడదు, దానికి నీలం రంగు బాగ కనవడతది. గందుకే మెరుపు వచ్చే సబ్బుపొడితోని ఉతికిన బట్టలు వద్దు.

ఇంక చలి. పొద్దుగాల చీకట్ల పోయి నాలుగైదు గంటలు కదలకుంట కూసుంటవు. కాటన్ అసలే వద్దు, చెమట పడితే అది ఆరదు, పానం గడ్డకడతది. ఊలు సాక్సులు, రెండు జతల గ్లౌసులు, వేడి పొట్లాలు. చెట్టు మీద స్టాండ్, అంటే కూసునే మంచె, ఎక్కితే హార్నెస్ (పడకుంట పట్టే బెల్టు) కట్టుకోకుంట ఒక్క మెట్టు గూడ ఎక్కకు. వేటల తూటా తాకినోళ్లకన్న చెట్టు మీదికెల్లి పడి కాళ్లు నడుములు ఇరగ్గొట్టుకున్నోళ్లనే నేను ఎక్కువ చూసిన.

వీసా_లెక్కలు · అక్టోబర్ 13, ఉదయం 7:15

హెచ్-1బీ సంగతి చెప్తాను, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నేను లాయర్ని కాను, మీ లాయర్‌తో ఒకసారి తప్పకుండా మాట్లాడండి.

నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 అన్నీ అందులోకే వస్తాయి. దానికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు మీ దగ్గర ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ. లైసెన్సు గడువు తీరిన రోజు ఆ మినహాయింపూ పోతుంది.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. "నాది కాదు, ఫ్రెండుది, ఒక్కసారి పట్టుకుని చూశాను" అంటే చెల్లదు. షూటింగ్ రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చినా చేతిలో ఉన్నట్టే లెక్క. ఫోటో కోసం పట్టుకోవడమూ అంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిబంధన లేదు. మీ అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి వాడికీ లేదు. విల్లు, క్రాస్‌బో ఈ చట్టం దృష్టిలో తుపాకీలు కావు.

ఆలూరు_రైతుబిడ్డ · అక్టోబర్ 13, ఉదయం 10:50

నేను కర్నూలు జిల్లా వాణ్ణి. ఎవరినీ తప్పుపట్టాలని రాయడం లేదు, మనసులో ఉన్నది చెప్తున్నా.

మా దిక్కు కృష్ణజింకలు మందలు మందలుగా చేన్ల మీద పడతాయి. శనగ మొలక లేచిందంటే చాలు. మా నాయన రాత్రుళ్లు మంచె మీద పడుకుని డబ్బాలు కొట్టి తోలేవాడు. నలభై ఎకరాల రైతు కాదు, నాలుగెకరాల రైతు. తెల్లారి లేచి చూస్తే చాళ్లు చాళ్లే ఉండవు. అయినా దాన్ని కొట్టాలని ఎప్పుడూ అనలేదు. చట్టం ఉంది, 1972 నుంచీ. చట్టం కన్నా ముందు, "అది కూడా తిండికోసమే వచ్చింది" అనేవాడు. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అక్కడికి పోయిన మన పిల్లలు జింకని చంపడం పండగ మాదిరి చేసుకుంటారంటే నాకు మింగుడుపడలేదు. తిండికి కొదవ లేని దేశంలో ఎందుకు?

గోదారమ్మాయి · అక్టోబర్ 13, మధ్యాహ్నం 1:05

ఆలూరు అన్నయ్యగారూ, మీ ప్రశ్న న్యాయమైనదండి. నేను మిన్నెసోటా రోచెస్టర్‌లో ఉంటాను. మావారు ఇక్కడివారు, పెళ్లయిన కొత్తల్లో నేనూ ఇదే అడిగి వారం రోజులు మాట్లాడలేదు.

మన కృష్ణజింక పరిస్థితి వేరు, ఇక్కడి తెల్లతోక జింక పరిస్థితి వేరు. నూరేళ్ల కిందట ఇక్కడా మాంసం అమ్మకానికి కొట్టి కొట్టి దేశం మొత్తమ్మీద ఐదు లక్షలకి దించేశారు. తర్వాత వేట మాంసం అమ్మడం ఆపారు, సీజన్లు పెట్టారు, లైసెన్సులు పెట్టారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చి రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణులకే ఖర్చుపెట్టాలన్నారు. ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయంటారు. చాలాచోట్ల తోడేళ్లు లేవు, పులుల్లాంటివి లేవు. అడవిలో చిన్న ఓక్ మొక్క నా మోకాలెత్తు రాకుండా కొరికేస్తాయి. నవంబర్‌లో రాత్రిపూట హైవే మీద కారు నడిపినవాళ్లకి మిగతాది తెలుసు. ఎన్ని ఆడ జింకల్ని తియ్యొచ్చో ప్రాంతాన్ని బట్టి ప్రతి ఏడూ లెక్కవేసి ట్యాగులు, అంటే అనుమతి చీటీలు, ఇస్తారు.

ఇదంతా చెప్పాక కూడా అది ప్రాణమేనండి. నేను మొదటిసారి కొట్టినప్పుడు దాని మెడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను, వేడి తగ్గేదాకా. అది పండగలా అనిపించకపోతే మీలో ఏదో లోపం ఉందనుకోకండి గుంటూరు తమ్ముడూ. మా అత్తగారింట్లో ఆ సాయంత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు.

హోరికాన్_గట్టు · అక్టోబర్ 13, సాయంత్రం 6:30

గుంటూరు గారూ, పిల్లాడికి జింక కన్నా ముందు బాతుల వేట చూపించండి. నా మాట వినండి. జింక కోసం కూర్చుంటే మాట్లాడకూడదు, కదలకూడదు, ఒక్కోసారి రెండు రోజులు ఏమీ కనపడదు. కెనడా బాతుల దగ్గర పిల్లలకి చేతినిండా పని.

మాకు హోరికాన్ చిత్తడి దగ్గరే. 33 వేల ఎకరాల తుంగ, నీళ్లు. అక్టోబర్‌లో ఉత్తర అంటారియో నుంచి దిగుతాయి, లక్షకి పైనే. చీకటి ఉండగా మొక్కజొన్న కోసిన చేలోకి వెళ్తాం. మా పిల్లలు డికాయ్‌లు, అంటే బొమ్మ బాతులు, సర్దుతారు, గాలి మన వీపుకి తగిలేట్టు. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి, మన ముందు కాస్త జాగా ఖాళీగా వదిలి గుర్రపునాడాలా పేరుస్తాం. అవి ఆ ఖాళీలోకే వస్తాయి. మా రెండో అమ్మాయి కాల్, అంటే బాతులా అరిచే పీక, ఊదుతుంది, మా బావమరిది నల్లజెండా ఊపుతాడు, దూరం నుంచి రెక్కలు కొట్టుకున్నట్టు కనపడడానికి. మొదట చప్పుడు వినపడుతుంది, ఎక్కణ్ణుంచో తెలియదు. ఆ తర్వాత చెట్ల మీదుగా వరసలు. దిగేముందు రెక్కలు వంచి, కాళ్లు కిందికి చాపి, ఒక్కోటి ఒళ్లు తిరగేసి గాలి వదిలేసినట్టు జారుతుంది. ఆ పది సెకన్ల కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. ముప్ఫై గజాల లోపలికి వస్తేనే కొట్టాలి. అంతకన్నా ఎత్తులో కొడితే గాయపడి ఎక్కడో పడి చస్తుంది. నా పిల్లలకి అది మొదటి నియమం.

కాగితాలు జింకవి వేరు, వీటివి వేరు. వలస పక్షి కాబట్టి ఫెడరల్ చట్టం. తుపాకీలో మూడు తూటాలకి మించి పట్టకుండా ప్లగ్ ఉండాలి. సీసం గుళ్లు దేశమంతటా 1991 నుంచీ నిషేధం, స్టీలు లాంటివి వాడాలి. వలస పక్షుల వేటగాళ్లుగా పేరు నమోదు, అదే హెచ్.ఐ.పి. రిజిస్ట్రేషన్, చెయ్యాలి. పదహారు నిండినవాళ్లకి డక్ స్టాంపు, అంటే బాతుల వేటకి కొనాల్సిన ఫెడరల్ స్టాంపు, 25 డాలర్లు. 1934లో మొదలైంది. డాలర్లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ లీజుకి తీసుకోడానికీ వెళ్తాయి. వేట చెయ్యని మా అమ్మ కూడా ఇక్కడికి వచ్చినప్పుడు ఒకటి కొనిపించుకుంది, బొమ్మ బావుందని పూజ గదిలో పెట్టింది.

గోదారమ్మాయి · అక్టోబర్ 13, రాత్రి 8:20

బాతుల మాట వచ్చింది కాబట్టి చెప్తానండి. కెనడా బాతుల్లో అన్నిటికన్నా పెద్ద రకం అంతరించిపోయిందనే అనుకున్నారు. 1962 జనవరిలో మా ఊరి సిల్వర్ లేక్ మీద ఉన్నవి అవేనని తేల్చారు. ఇవాళ పార్కుల్లో, గోల్ఫ్ మైదానాల్లో తిరిగేవి చాలావరకు ఆ రకమే. సెప్టెంబర్‌లో మొదలయ్యే తొలి సీజన్ ఇలాంటి స్థానిక బాతుల కోసమే.

పలావు_ప్రియ · అక్టోబర్ 14, ఉదయం 11:40

మాంసం గురించి ఎవరూ రాయలేదు! మా ఇంట్లో ఏటా ఒక జింక ఫ్రీజర్లోకి వస్తుంది. మా అమ్మ భీమవరం నుంచి వచ్చినప్పుడు "వేట మాంసం" అంటే సంతోషంగా వండేసింది, మేకే అనుకుని. గోదావరి జిల్లాల్లో ఆ మాటకి అర్థం అదే కదా. తిన్నాక చెప్పాం. "మరి కొవ్వెందుకు లేదే" అంది, అంతే.

అదే అసలు విషయం. ఈ మాంసంలో కొవ్వు లేదు, ఉన్న కాస్త కొవ్వూ చల్లారితే మైనంలా అంగిలికి అంటుకుంటుంది. కాబట్టి కొవ్వు, పైన తెల్లటి పొర మొత్తం కత్తితో తీసెయ్యండి. అడవి వాసన అనేది సగం అక్కడిదే. వెన్ను పక్క కండ, అదే బ్యాక్‌స్ట్రాప్, కూర చేసి పాడుచెయ్యకండి. మిరియాలు, ఉప్పు, నెయ్యి, పెనం మీద అటూ ఇటూ. జబ్బ, మెడ కుక్కర్లోకి. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి పట్టించి రాత్రంతా ఉంచి గోంగూరతో వండితే పొట్టేలు మాంసం ఎవరూ అడగరు. తొడ ముక్కలు చిన్నగా కోసి మాంసం పచ్చడి పెడతాను.

బాతు అయితే రొమ్ము ఎర్రగా, గొడ్డుమాంసంలా ఉంటుంది, కోడిలా వేయించకండి. కొరికేటప్పుడు నెమ్మది, స్టీలు గుండు ఒకటైనా మిగిలి ఉంటుంది.

చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు తినే ఇల్లయితే రాగి తూటా వాడమని ముందే అడగండి. సీసం తూటా లోపల చిట్లి కంటికి కనపడని ముక్కలు గాయానికి దూరంగా కూడా పోతాయి. కడిగితే పోవు, ఇంకా పాకుతాయి.

గుంటూరు_మేడిసన్ · అక్టోబర్ 14, రాత్రి 9:55

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చేతులెత్తి దండం. ఆలూరు అన్నా, మీ నాన్నగారి మాట మా వాడికి చదివి వినిపించాను. వాడు కాసేపు ఏమీ అనలేదు.

ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకున్నది ఇది. ఇద్దరం క్లాసు చేస్తాం. లైసెన్సు తీసుకుంటాను గానీ ఈ ఏడు నేనూ వాడూ తుపాకీ ముట్టుకోం, పక్కన కూర్చుని చూస్తాం. ఇంకొక్కటి. ఆ ప్రాంతంలో జింకలకి ఏదో జబ్బు ఉందని విన్నాను, మా ఆవిడ అడుగుతోంది.

కరీంనగర్_చిన్నోడు · అక్టోబర్ 14, రాత్రి 11:10

సి.డబ్ల్యు.డి. అంటరు, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకలు చిక్కి చచ్చే జబ్బు. ఉంది అన్నా. విస్కాన్సిన్‌ల 2002ల మౌంట్ హోరెబ్ దిక్కు బయటపడ్డది, ఇప్పుడు నైరుతి కౌంటీలల్ల చానా ఉంది, మీరు పోయే దిక్కు గూడ. అది సూక్ష్మజీవి గాదు, ప్రియాన్ అనే చెడిపోయిన ప్రోటీన్. ఎంత ఉడకవెట్టినా చావది. మనిషికి అంటినట్టు ఇప్పటిదాంక రుజువు గాలే, గని పాజిటివ్ వస్తె తినొద్దు అని అమెరికా సర్కారు ఆరోగ్య సంస్థ సి.డి.సి. చెప్తది. పరీక్ష ఫ్రీ. మెడ అయిదు అంగుళాలు ఉంచి తలకాయ కోసి, పరీక్షకు తలకాయలు తీస్కునే కియోస్క్ పెట్టెల ఫారంతోని ఏస్తే, గొంతు ఎనక గ్రంథులు తీసి చూస్తరు. రిజల్ట్ వచ్చేదాంక మాంసం మీద పేరు, తేదీ రాసి ఫ్రీజర్ల పక్కకు పెట్టుర్రి. వేరే జింకల మాంసంతోని కలపకుర్రి. గందుకే ఆ కౌంటీలల్ల మక్కలు పోసి జింకలను పిలుసుడు గూడ బంద్, ఒక్కతాన మూతులు కలుస్తె జబ్బు పాకుతది.

ఇంకోటి యాదుంచుకో. దెబ్బ తాకినంక ఎంబడే ఉరకొద్దు. నెత్తురు చూడు. గులాబీ రంగుల నురగ ఉంటే ఊపిరితిత్తులు, అర్ధగంట ఆగి పో. నల్లెరుపు ఉంటే కాలేయం, నాలుగు గంటలన్న ఆగాలె. పచ్చగ, వాసనొస్తే పేగులు, తెల్లారేదాంక ఆగాలె. ముందే పోతే అది లేసి ఇంకో మైలు ఉరుకుతది, దొరకది. నెత్తురు కనవడ్డ తాన టాయిలెట్ పేపర్ ముక్క పెట్టుకుంట పో. తర్వాత ఎనకకు చూస్తే దారి సక్కగ కనవడతది.

ఇంటికొచ్చినంక ఒంటి మీద పిడుదులు (టిక్స్) చూస్కోర్రి, చెవుల ఎనక, మోకాళ్ల ఎనక. చలికాలం మొదట్ల గూడ జింక పిడుదులు తిరుగుతయి, లైమ్ జబ్బు వాటితోనే.

గుంటూరు_మేడిసన్ · నవంబర్ 24, రాత్రి 8:15

వెళ్లి వచ్చాం. ఎలా జరిగిందో రాస్తానని మాటిచ్చాను కదా.

శుక్రవారం రాత్రికి చేరాం. పదిహేడు మంది. పాత చెక్క క్యాబిన్, మధ్యలో కట్టెల పొయ్యి, గోడ మీద 1960ల నుంచీ ఉన్న ఫోటోలు. ముసలాయన మా వాణ్ణి కూర్చోబెట్టుకుని అడవి మ్యాపు గీసి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎవరు ఎటు కాల్చకూడదో వేలితో చూపించాడు. మా వాడు టాబ్-కె నాలుగూ అప్పజెప్పాడు.

శనివారం పొద్దున్న ఏమీ రాలేదు. ఉడతలు ఎండాకుల మీద నడుస్తుంటే ప్రతిసారీ జింకే అనుకున్నాం. సాయంత్రం నాలుగవుతుండగా, మావాడి ఫ్రెండు, ఆ పాప, తాత పక్కన కూర్చుని ఒక ఆడ జింకని కొట్టింది. మేం వాళ్ల వెనకే ఉన్నాం. జింక ఎగిరి లోయలోకి దూకింది. పాప వణుకుతోంది. ఆయన వాచీ చూసుకుని, కదలకండి అని చెయ్యి చూపించాడు. అరగంటయ్యాక దిగి చూస్తే ఓక్ ఆకు మీద ఒక్క చుక్క. బొటనవేలి గోరంత. టార్చి వెలుగులో నల్లెరుపు. చిన్నోడు అన్నయ్యా, మీరు రాసింది గుర్తొచ్చి నా గుండె జారింది. కాలేయం.

వెనక్కి వచ్చేశాం. భోజనాల బల్ల సర్ది ఉంది గానీ ఎవరూ కూర్చోలేదు. ఆ పాప పొయ్యి దగ్గర ఏడుస్తూ ఉంది, వాళ్లమ్మ పక్కన కూర్చుంది తప్ప "ఏం ఫర్లేదు" అని అనలేదు. రాత్రి ఎనిమిదిన్నరకి తుపాకీలు క్యాబిన్‌లోనే వదిలేసి, టార్చిలతో తొమ్మిది మందిమి బయల్దేరాం. టాయిలెట్ పేపర్ చుట్ట మా వాడి చేతిలో. ఒక ఆకు, పది అడుగుల తర్వాత గడ్డి పోచ మీద ఇంకో చుక్క. ఒకచోట పూర్తిగా జాడ పోయింది. నలభై నిమిషాలు మోకాళ్ల మీద వెతికాం, అరవై దాటిన మనిషి నుంచి పన్నెండేళ్ల పిల్లల దాకా. పడిపోయిన చెట్టు బెరడు మీద మా వాడికే కనిపించింది, అది దాటుతూ పొట్ట రాసుకున్న మరక. వెనక్కి తిరిగి చూస్తే చీకట్లో తెల్లటి ముక్కలు వరసగా, కొండ మీదనుంచి మా కాళ్ల దాకా. పదీ ఇరవైకి వాగు పక్కన దొరికింది. అప్పటికే పోయింది.

పేగులు తీసేటప్పుడు వెనక కాలు నేను పట్టుకున్నాను. ఇంకా లోపల వేడి ఉంది, ఆవిరి లేచింది. పాపే కత్తి పట్టింది, తాత చెయ్యి ఆమె చేతి మీద. అందరం కలిసి ఈడ్చుకొచ్చేసరికి పదకొండున్నర. అప్పుడు తిన్నాం. కొట్టిన జింకని మరుసటి రోజు సాయంత్రం ఐదు లోపు రిజిస్టర్ చెయ్యాలి కదా, పాపే ఫోన్లో చేసింది. తల కియోస్కులో వేశాం. మాకు జబ్బ ఒకటి, మెడ మాంసం ఇచ్చారు.

కార్లో మా వాడు అడిగింది ఒక్కటే: "నేను కొట్టి ఉంటే, నాకోసం కూడా అందరూ వచ్చేవారా నాన్నా?"

ఆలూరు_రైతుబిడ్డ · నవంబర్ 25, ఉదయం 6:40

చదివినా. రెండుసార్లు చదివినా. నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. కానీ నలభై నిమిషాలు మోకాళ్ల మీద వెతికినారే, అది మా నాయనకి చెప్తా.

హోరికాన్_గట్టు · నవంబర్ 25, ఉదయం 9:10

గుంటూరు గారూ, వచ్చే అక్టోబర్ మొదటి శనివారం మా ఇంటికి రండి, కుటుంబంతో. డికాయ్‌లు మోసే పని మీవాడిది. రబ్బరు బూట్ల సైజు చెప్పండి, మా పెద్దోడివి ఉన్నాయి.

గుంటూరు_మేడిసన్ · డిసెంబర్ 5, సాయంత్రం 7:30

హోరికాన్ అన్నా, సైజు ఆరు, వచ్చే ఏటికి ఏడవుతుందేమో. తప్పకుండా వస్తాం.

ఇవాళ మధ్యాహ్నం ఆ పాప వాళ్లమ్మ మెసేజ్ పెట్టింది. పరీక్షలో నెగెటివ్. ప్రియ గారూ, మెడ మాంసానికి రాత్రే అల్లం వెల్లుల్లి పట్టించి ఉంచమన్నారు కదా, ఫ్రీజర్లోంచి ఇప్పుడే తీశాం. కరిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. గోంగూర ఎండుది ఉంది, పచ్చిది దొరకలేదు. ఎంతసేపు నానబెట్టాలి? రేపు మధ్యాహ్నం ఆ పాపా, తాతగారూ భోజనానికి వస్తున్నారు.

పలావు_ప్రియ · డిసెంబర్ 5, సాయంత్రం 7:52

వేడినీళ్లలో ఇరవై నిమిషాలు చాలు. ఎండు గోంగూరకి పులుపెక్కువ, సగమే వెయ్యండి ముందు. తాతగారికి కారం తగ్గించి విడిగా ఒక గిన్నెలో తీసిపెట్టండి, పక్కన పెరుగు ఉంచండి.